నబరోహ్‌లో చేప తినని మనిషి

వసంతం పండగ పొద్దున మన్సూరాలో నైలు ఒడ్డు పార్కులో కూర్చుని, రాగ్దా పచ్చి ఉల్లికాడ కొరకబోతుండగా బుడగలమ్మేవాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"పసుపు బుడగ కావాలా అమ్మాయ్?"

"పసుపు నాకు పడదు. దద్దుర్లొస్తాయి."

"అయితే గాలి లేనిది తీసుకో."

కోడ్ సరిపోయింది. రాగ్దా ఉల్లికాడను చివరిసారి ప్రేమగా చూసి, అక్క చేతిలో పెట్టి లేచింది. అక్కకు తెలిసినంతవరకూ చెల్లెలు నీటిపారుదల శాఖలో కంప్యూటర్లు బాగుచేస్తుంది. ఆ కంప్యూటర్లు సరిగ్గా పండగ రోజే ఎందుకు పాడవుతాయని అడగడం ఆవిడ ఎప్పుడో మానేసింది.

పార్కు గేటు బయట ఐస్‌క్రీమ్ వ్యాన్ ఆగి ఉంది. లోపల ఐస్‌క్రీమ్ లేదు. మీసాలకు రంగేసుకున్న షుక్రీ పాషా ఉన్నాడు, రాగ్దా పై అధికారి. ఆయన పక్కన మల్లెల అత్తరు గుబాళిస్తూ తమారా ఉంది.

పైకి తమారా పెద్దపెద్ద విందులు ఏర్పాటు చేసే కంపెనీ యజమాని. లోపల, 'ఏడో గది' అనే విదేశీ ముఠాలో ఉంటూ మనవాళ్లకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె మీద పాషాకు ఎంత నమ్మకమో, రాగ్దాకు అంత అనుమానం. కారణం చెప్పమంటే మాత్రం చెప్పలేదు. అంత అందంగా ఉన్న మనిషి అన్నిసార్లు సరైన టైముకే కబురు తేవడం ఆమెకు మింగుడుపడదు, అంతే.

"నబరోహ్‌లో నిన్నటి నుంచి జనం పడిపోతున్నారు," అన్నాడు పాషా. "రెప్పలు వాలిపోతాయి. ఒకటి రెండుగా కనిపిస్తుంది. నాలుక తిరగదు. ఆ తర్వాత ఊపిరి ఆగుతుంది. బొటులిజం, చెడిన తిండిలో పుట్టే విషం."

"ఫెసీఖా?"

ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారు. ఉప్పులో మాగబెట్టిన ఆ చేప లేకుండా ఈజిప్టులో వసంతం రాదు. ఆ చేపకు నబరోహ్ పెట్టింది పేరు. ప్రతి ఏడూ ఆరోగ్యశాఖ తినొద్దని పేపర్లో ప్రకటన వేస్తుంది. ప్రతి ఏడూ జనం ఆ పేపర్లోనే చేప చుట్టించుకుని ఇంటికి పోతారు. పండగ దాకా ఆగలేక ముందురోజే ఒకటి విప్పి రుచి చూస్తారు కూడా.

"ఏడో గది వాళ్లు చేపల పీపాల్లో విషం కలిపారు," అంది తమారా. "బస్యూనీ హాజీ కొట్టులో. నాకు ఖాయంగా తెలుసు."

"హాజీని లోపలేశాం," అన్నాడు పాషా. "ఇక్కడే ఉంది తిరకాసు. విరుగుడు మందు దేశం మొత్తమ్మీద ఒక్క పెట్టె మిగిలింది." కాలి దగ్గరున్న వెండిరంగు పెట్టెను బూటుతో తట్టాడు. "ఇవాళ మధ్యాహ్నం నదీజలాల ఒప్పందం విందు, ఇక్కడే నైలు పడవ మీద. ఎగువ దేశాల మంత్రులొస్తున్నారు. మన బల్ల దగ్గర వాళ్లకేమైనా అయితే ఒప్పందం గల్లంతు, ఆపైన ఏమవుతుందో నాకు ఊహించాలని లేదు. అందుకని పెట్టె పడవ మీదే ఉండాలని ఆర్డర్."

తమారా కళ్లు చెమర్చాయి. "అక్కడ మనుషులు చచ్చిపోతున్నారు పాషా. పెట్టె పంపించేయండి. మంత్రులు ఆ చేప ముట్టుకుంటారా? వాసనకే పారిపోతారు."

"మూలం చేపేనని రాగ్దా తేల్చి చెప్పనీ. ఆ క్షణమే పంపిస్తా."

"చేప కాకపోతే?" అంది రాగ్దా.

"కాకపోతే ఎవరు ఎందులో ఏం కలుపుతున్నారో మనకు తెలీదన్నమాట. అప్పుడు పెట్టె కదలదు."

తమారా అడిగింది న్యాయమైన మాటే. తానైనా అదే అడిగి ఉండేది. అదే మాట ఆ నోటి నుంచి వినేసరికి రాగ్దా మెడ వెనక ఏదో పాకినట్టయింది.

* * *

తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు, జేబులో ఒక పెన్ను. టెక్నికల్ విభాగం వాళ్లు ఆ పెన్నును 'ఎలక్ట్రానిక్ ముక్కు' అంటారు. చెడిన ఆహారం దగ్గర పెడితే ఎర్ర లైటు వెలుగుతుందట. నబరోహ్ పొలిమేరలోనే వెలిగింది. ఆసుపత్రి చేరినా ఆరలేదు. పండగ పూట ఆ ఊరు ఊరంతా అదే వాసన. రాగ్దా పెన్నును జేబులో కుక్కి, దేవుడిచ్చిన ముక్కుతోనే పని మొదలుపెట్టింది.

మొదటి మంచంలో టైర్ల కొట్టు ఆసామి. రెప్పలు సగం దిగిపోయి ఉన్నాయి.

"ఫెసీఖ్ తిన్నారా?"

"తోబా, తోబా! నేనెందుకు తింటా డాక్టరమ్మా? టీవీలో వద్దన్నారుగా."

నాడి చూస్తున్నట్టు చేయి పట్టుకుని, వాచీ చూసుకునే వంకతో ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. నిమ్మకాయ. చేప వాసన పోవడానికి చేతులకు నిమ్మచెక్క రుద్దుకోవడం చంటిపిల్లలకు కూడా తెలుసు.

రెండో మంచం. "నేనా? చేపా? నా పిల్లల మీద ఒట్టు." నిమ్మకాయ.

మూడో మంచంలో ఒకావిడ తిరగబడింది. "ఏం, మమ్మల్ని చెప్పించి ఇంకో కొట్టుకు సీలు వేయిస్తావా? మీ ఆఫీసోళ్లు పండగ మర్నాడు రాకూడదూ? ఎప్పుడూ ముందే వస్తారు." నిమ్మకాయ, పైగా డబ్బాడు పౌడరు.

చచ్చేటట్టున్నా సరే, చేపలాయన పేరు మాత్రం ఒక్కరూ బయటపెట్టరు. రాగ్దాకు కోపం రాలేదు. తన అమ్మా ఇంతే.

చివరి మంచంలో వగ్దీ మాస్టారు, రిటైరైన జాగ్రఫీ టీచరు. అందరికన్నా ఆయన పరిస్థితే ఘోరంగా ఉంది. ఛాతీ లేవడానికి కష్టపడుతోంది, పెదవులు నీలం తిరుగుతున్నాయి. పక్కన ఆయన భార్య ఎనాయత్ నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"చే... ప... తిన... లేదు," అన్నాడాయన, రాగ్దా అడక్కముందే.

"చూశావా? ఈ మనిషి ఇప్పటిక్కూడా నాతో అబద్ధమే ఆడతాడు," అంది ఎనాయత్. "చేపంటే నాకు డోకు అని పెళ్లైన రోజు చెప్పాడమ్మా. నిన్న నేను తింటుంటే బాల్కనీలో కూర్చున్నాడు. ఇప్పుడు చూడు! అంటే నేను పెడితే డోకు, ఇంకెవతో పెడితే అమృతం! ఎవత్తో అది, చెప్పు!"

రాగ్దా చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఖాలా, మీరు తిన్నారా?"

ఎనాయత్ గతుక్కుమంది. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఒకటిన్నర. బస్యూనీ హాజీ దగ్గరిదే. రాయకేం!"

"మీకేం కాలేదా?"

"నాకేమవుద్ది? గుండ్రాయిలా ఉన్నా."

రాగ్దా మాస్టారి చేయి అందుకుంది. నిమ్మ వాసన లేదు. చేప లేదు. వెల్లుల్లి, జీలకర్ర, నూనె. తిన్నామని ఒప్పుకోలేని ఊళ్లో ఈయనొక్కడే నిజం చెప్తున్నాడు. అందరూ అదే అబద్ధం ఆడుతుంటే నిజానికి ఆనవాలేముంటుంది?

"మాస్టారూ, మరి ఏం తిన్నారు?"

ఆయన వేలు కష్టం మీద కోటు వైపు చూపించింది. జేబులో మైనపు కాగితం. అందులో సగం కొరికిన వంకాయ, వెల్లుల్లి, మిరపకాయ కూరి నూనెలో నిలవచేసింది.

ఎనాయత్ దాన్ని చూడగానే గుర్తుపట్టింది, తనది కాదని. "నా వంకాయ ఇంత బోడిగా ఉండదు! ఎవరిచ్చారు?"

"కా... రులో... ఉచి... తం..." మాస్టారు ఊపిరి కూడదీసుకున్నాడు. "మల్లె... వా... సన."

"చెప్పానా! చెప్పానా ఆడదేనని!"

రాగ్దా ఆ మాట పూర్తిగా వినలేదు. వార్డు మధ్యకు నడిచి గట్టిగా అడిగింది. "వినండి! మల్లెల అత్తరు పూసుకున్న ఒకావిడ ఉచితంగా వంకాయల సీసా ఇచ్చిందా? ఎవరు తిన్నారు?"

ఒక్కొక్క చేయీ లేచింది. లేవలేనివాళ్లు వేలు లేపారు. వంకాయ గురించి అబద్ధమాడాల్సిన అవసరం నబరోహ్‌లో ఎవరికీ లేదు. పొద్దున్నుంచి అందరూ అడిగింది చేప గురించే.

బొమ్మ మొత్తం కళ్లకు కట్టింది. పండగ పూట ఈ జబ్బొస్తే దేశం మొత్తం చేపనే తిడుతుంది, ఇంకేదీ వెతకదు. ఊరికి జబ్బు తెప్పించి మిగిలిన ఒక్క పెట్టెనూ ఇటు రప్పించాలి. తర్వాత చేప ముట్టని మంత్రుల పళ్లేల్లో వంకాయ పెట్టాలి. విరుగుడుండదు. నింద మాత్రం మళ్లీ చేప మీదకే పోతుంది. ఇవాళ్టి విందు ఏర్పాట్లు ఎవరివో రాగ్దాకు ఎవరూ గుర్తుచేయక్కర్లేదు.

పాషాకు ఫోన్ చేసింది. ఎత్తింది తమారా.

"పాషా మంత్రుల్ని ఆహ్వానిస్తున్నారు. చెప్పు డియర్. చేపేనా? ఒక్క మాట చాలు. పెట్టె ఈ నిమిషమే బయల్దేరుతుంది."

రాగ్దా వెనక్కి తిరిగి చూసింది. మాస్టారి ఛాతీ లేచింది. ఆగింది. చాలాసేపటికి మళ్లీ లేచింది. 'అవును' అంటే ఈయన బతుకుతాడు, ఈ వార్డంతా బతుకుతుంది. కానీ తను పడవ చేరేలోపు అక్కడ ఒక్కరు కొరికినా, వాళ్లకు మిగిలేదేమీ ఉండదు.

"ఇంకా తేలలేదు మదాం," అంది. పాషా ఫోన్ ఆ చేతిలో ఉన్నంతసేపూ ఆయనకు కబురందే దారి లేదు, తనే వెళ్లాలి.

"మందొస్తోందా?" ఎనాయత్ గొంతులో ఇప్పుడు దెప్పిపొడుపు లేదు.

"నేనే తెస్తా ఖాలా. మీ నల్ల గౌను ఒకటివ్వండి. ఇంట్లో ఫెసీఖ్ మిగిలిందా?"

"మిగిలింది, బాగా మాగింది కూడా. డబ్బా మూత ఉబ్బిపోయుంది. దాంతో నీకేం పని?"

"సాయుధ బలగం," అంది రాగ్దా.

* * *

పడవ ఎక్కే చెక్క దగ్గర గార్డు చెయ్యి అడ్డుపెట్టాడు. నెత్తిన డబ్బా పెట్టుకున్న నల్లగౌను ఆడమనిషిని ఎగాదిగా చూశాడు.

"ఏంటది? ఎక్కడికి?"

"మినిస్టర్ గారి బల్లకి. ఆయనకి చేప లేకపోతే పండగ కాదంట. చూస్తావా నాయనా?" మూత వేలెడు లేపింది.

గార్డు కళ్లలో నీళ్లు తిరిగాయి. "వద్దమ్మా, వద్దు. పో. తొందరగా పో."

అద్దాల గది. కిటికీలన్నీ బిగించి ఏసీ వేశారు. పొడుగాటి బల్ల చుట్టూ మంత్రులు, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా. ప్రతి పళ్లెంలో నూనె మెరుస్తున్న వంకాయ. పాషా గోడవారగా నిలబడి ఉన్నాడు, పెట్టె కాళ్ల మధ్య ఉంది. ఎగువ దేశం మంత్రి ఒకాయన ఫోర్కుతో వంకాయను పొడిచి, అటూ ఇటూ తిప్పి మెచ్చుకోలుగా చూస్తున్నాడు.

రాగ్దా రెండడుగులు వేసింది. మల్లెల వాసన ఆమె దారికడ్డంగా వచ్చింది.

"గౌను బాగుంది," అంది తమారా నవ్వు చెరగకుండా. "స్పోర్ట్స్ షూస్ మార్చడం మర్చిపోయావు." ఆమె చేతిలో లిప్‌స్టిక్. దాని మొన రాగ్దా పక్కటెముకలకు ఆనింది. గులాబీరంగు లిప్‌స్టిక్ ఎవరికీ అంత చల్లగా తగలదు, తుపాకీ గొట్టం తగులుతుంది. "ఇంకొక్క అడుగు వేశావంటే ఇదే ఆఖరు పండగ నీకు."

ఫోర్కు మంత్రి నోటి దాకా వచ్చింది.

"అడుగెందుకు వేస్తా మదాం?" అని, రాగ్దా నెత్తి మీది డబ్బాను రెండు చేతులతో ఎత్తి బల్ల మీదకు బోర్లించింది.

ఆ తర్వాత జరిగింది వర్ణించడం కష్టం, చూసినవాళ్లు కళ్లు తెరిచి ఉంచలేకపోయారు గనక. మాగాల్సినదానికన్నా ఎక్కువ మాగిన చేప, బిగించిన కిటికీలు, గిర్రున తిరిగే ఏసీ. ఫోర్కు వంకాయతో సహా నేలమీద పడింది. మంత్రులు హోదాలు, దేశాల ఎగువ దిగువలు మర్చిపోయి ఒకే తలుపులోంచి ఒకేసారి డెక్ మీదకు దూరబోయారు. తమారా ఎన్నో శిక్షణలు పొందిన మనిషి. కానీ ముక్కు మూసుకోవడం ఎవరూ నేర్పరు, ఆపనూ లేరు. లిప్‌స్టిక్ పట్టుకున్న చేయే పైకి లేచింది. రాగ్దా దాన్ని గాల్లోనే పట్టి వెనక్కి విరిచింది. గుండు పైకప్పు దీపంలోకి పోయింది.

"రాగ్దా!" జేబురుమాల్లోంచి పాషా గొంతు. "పిచ్చి పట్టిందా? ఆవిడ మన మనిషి!"

"అయితే ఒక వంకాయ తినమనండి సార్." రాగ్దా నిండు పళ్లెం ఒకటి ముందుకు జరిపింది. "ఈవిడ వంటే. నబరోహ్‌లో అందరికీ పెట్టింది. తను కూడా ఒకటి తింటే నేనిప్పుడే కాళ్ల మీద పడతా."

పాషా తమారా వైపు చూశాడు. ఆమె పళ్లెం వైపు చూసింది. నూనెలో నానిన వెల్లుల్లి రెబ్బ మెల్లగా జారింది. ఆమె ఖాళీగా ఉన్న చేత్తో పళ్లాన్ని దూరంగా తోసేసింది.

పాషా రంగేసిన మీసాలు ఒక్కసారిగా ముసలివైపోయాయి. వంగి పెట్టె తీసి రాగ్దా చేతిలో పెట్టాడు. "పరిగెత్తు."

బయట డెక్ మీద మంత్రులు రెయిలింగు పట్టుకుని గాలి పీల్చుకుంటున్నారు. పడవ దిగాలంటే సంతకాలవ్వాలని ఎవరో అన్నారు. ఏళ్ల తరబడి ఒక్క వాక్యం మీద కొట్టుకున్నవాళ్లు ఎక్కడ పెట్టాలో చూపించమని పెన్నులు తీశారు.

* * *

బస్యూనీ హాజీ విడుదలయ్యాడు. పెట్టెలోని మందు వార్డులో అందరికీ సరిపోయింది. మొదటి సూది వగ్దీ మాస్టారికి పడింది. ఎనాయత్ నర్సు పక్కనే నిలబడి సిరంజిలో చుక్క మిగిలిందేమోనని వెలుగుకు పెట్టి మరీ చూసింది. అది గంటల్లో తగ్గే జబ్బు కాదు. కొన్నాళ్లు మిషనే ఆయన తరఫున ఊపిరి తీసింది. ఎనాయత్ కుర్చీ వదల్లేదు. ఆ ఆడది ఎవరని ఒక్కసారైనా అడగలేదు.

మిషన్ తీసేసిన రోజు రాగ్దా తెల్లకోటు వేసుకుని వచ్చింది. మాస్టారు రెప్పలెత్తాడు. వేలితో లేపకుండా, వాటంతటవే లేచాయి. ఛాతీ లేచింది, దిగింది, మళ్లీ వెంటనే లేచింది. ఎనాయత్ ఆయన చేయి పట్టుకుని మొహం దగ్గరకు వంగింది. వార్డులో ప్రతి తలా ఇటే తిరిగింది.

"ఎనాయత్," అన్నాడాయన, ప్రతి అక్షరం స్పష్టంగా. "ఆకలేస్తోంది. తినడానికి ఏముంది?"

చేపో, వంకాయో, ఎనాయత్ ఏమంటుందోనని వార్డు వార్డంతా ఊపిరి బిగబట్టింది. ఈసారి జబ్బు వల్ల కాదు.