ఎడమకు వాలని పసుపు విమానం

"దేవమణిగారు స్టేజి దిగేలోపు ఆ విమానం దొరకాలి. దొరక్కపోతే ఆవిడ దిగరు."

ఇయర్‌పీస్‌లో చీఫ్ వరప్రసాదరావు గొంతు. ఏజెంట్ డేవిడ్‌రాజు పెట్టుడు మీసం సర్దుకున్నాడు. చిల్లకల్లు దగ్గర పొలంలో రేడియో కంట్రోల్ విమానాల పోటీ. అతనిది సేఫ్టీ ఇన్‌స్పెక్టర్ వేషం. ముఖ్య అతిథి దేవమణి క్షిపణి శాస్త్రవేత్త, నందిగామ ఆడపడుచు. అదే ఊరివాడైన డేవిడ్‌రాజుకు ఆవిడంటే ప్రాణం.

'ఆర్కిడ్' అనే విదేశీ ముఠా ఏదో ఒక విమానం రెక్కలో విషవాయువు క్యాప్సూల్ దాచింది. స్టేజి మీదుగా ఎగురుతుండగా రిమోట్‌లో స్విచ్ వేస్తే చాలు. ప్లాస్టిక్ క్యాప్సూల్, డిటెక్టర్‌కు చిక్కదు. పోటీ ఆపారా, ముఠా మనిషి జనంలో కలిసిపోతాడు.

"ఎర్ర విమానమే. నా సోర్స్ పక్కా," అంది పక్కనే రూబీ. ఆమె అతని పార్ట్‌నర్. పసుపు విమానంతో పోటీదారుగా వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, మెడలో సిల్క్ స్కార్ఫ్. జనం విమానాలు మానేసి ఆమెనే చూస్తున్నారు. డేవిడ్‌రాజూ అంతే, దాచడం దేనికి.

ఎర్ర విమానం రెక్కలు విప్పి చూసాడు. ఏమీ లేదు.

మైకులో దేవమణి ప్రసంగం ముగింపుకొచ్చింది. అదవగానే విమానాలు లేస్తాయి, అన్ని రెక్కలూ విప్పే టైం లేదు. ఇక మిగిలింది పాత పద్ధతే. ముక్కు కింద ఒక వేలు, తోక కింద ఒక వేలు పెట్టి విమానాన్ని లేపితే, బరువున్న రెక్క తనంతట తానే వాలుతుంది.

కానీ పొలం యజమానురాలు రాఘవమ్మ పొద్దున్నే పూజ చేసి, ప్రతి విమానం ఎడమ రెక్కకూ ఓ నిమ్మకాయ వేలాడదీసింది.

"దిష్టికి బాబూ. ఎగరేసేటప్పుడు తీసేసుకోండి, అందాకా ముట్టుకోమాకండి," అని అందరికీ గట్టిగా చెప్పింది.

నీలం విమానం లేపాడు. ఎడమకు వాలింది. తెల్లది, ఎడమకే. ఆకుపచ్చదీ అంతే. ఒక్కటే మిగిలింది.

"నాది కూడా చూస్తావా?" రూబీ నవ్వింది.

"రూల్ కదా," అంటూ లేపాడు.

పసుపు విమానం తక్కెడ ముల్లులా నిలబడిపోయింది.

"చూసావా, పర్ఫెక్ట్ లెవెల్," అంది రూబీ గర్వంగా.

ఎడమ రెక్కకు నిమ్మకాయ ఇంకా వేలాడుతూనే ఉంది. మరి కుడి రెక్కను అంత బరువుతో లాగుతున్నదేమిటి? డేవిడ్‌రాజు విమానాన్ని కింద పెట్టలేదు. పూజయ్యాక పోటీదారుల టెంట్‌లో హడావిడిగా క్యాప్సూల్ పెట్టి, లెవెల్ కుదిరిందని సంబరపడిన సిటీ పిల్ల, ఆ కాయ ఎగరేసే ముందు ఊడబెరకాల్సిందేనన్న సంగతి మర్చిపోయింది.

"నిమ్మకాయ విప్పు రూబీ."

ఆమె నవ్వు చెరిగిపోయింది. స్కార్ఫ్ ముక్కు మీదికి లాక్కుంది. అది ఫిల్టర్ మాస్క్. బొటనవేలు రిమోట్ స్విచ్ మీదికెళ్ళింది.

"కదలకు. ఇక్కడే తెరిచేస్తా. గాలి స్టేజి వైపే ఉంది."

"ఆవిడ నీకేం చేసారు?" మాటల్లో పెట్టి, విమానం పొట్ట కింద మూత వేలితో నెట్టాడు. బ్యాటరీ తీగ తగిలింది.

"ఏం చెయ్యలేదు. ఇది నా ఉద్యోగం."

స్విచ్ టక్కుమంది. ఆ క్షణంలోనే తీగ ఊడి అతని చేతికొచ్చింది. రెక్క తెరుచుకోలేదు. రూబీ మళ్ళీ నొక్కింది, మళ్ళీ నొక్కింది. ఈలోగా, ఇదంతా ఇయర్‌పీస్‌లో వింటున్న చీఫ్ పంపిన మఫ్టీ పోలీసులు ఆమె రెండు చేతులూ పట్టుకున్నారు.

"మొదట్నుంచీ నన్ను అనుమానించావా?"

"లేదు. నమ్మా. అందుకే నీది చివరికి వదిలేసా."

ఆ మాట అని స్టేజి వైపు చూసాడు. అవతల దేవమణి స్టేజి మెట్లు దిగుతూ, విమానాలు ఇంకా లేవలేదేమని ఎవర్నో అడుగుతున్నారు.

"వెల్ డన్," అన్నాడు చీఫ్. "ఏమైనా కావాలా?"

"కొత్త పార్ట్‌నర్ కావాలి సార్. అందం కాస్త తక్కువైనా సర్దుకుంటా."