ఏడో నంబరు ఎందుకు చావడం లేదు?

"ఈ అమ్మాయి ఎందుకు చస్తోందండీ?"

గాజు పలక అవతల, మైకు ముందు నిలబడ్డ కొత్త వాయిస్ ఆర్టిస్టు అడిగిన మొదటి మాట అది. ఇవతల కూర్చున్న రచయిత ఉలిక్కిపడి కాగితాలు తిరగేశాడు.

"విషం వల్లనండీ."

"అది ఎలా చస్తోందో. నేనడిగింది ఎందుకు చస్తోందని."

"మూడో ఎపిసోడ్ కదండీ. ఎవరో ఒకరు చావాలి."

పక్కనున్న సౌండ్ ఇంజనీరు గారు నవ్వు కనపడకుండా మొహం మీటర్ల మీదికి వంచేశారు.

మన రచయితకి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ యానిమేషన్ స్టూడియోలో అందరూ అతన్ని "కత్తి" అంటారు. కత్తిలా రాస్తాడని కాదు, ఏం రాసినా అందులో కత్తి ఉంటుందని. పన్నెండు మందికి పేర్ల బదులు నంబర్లిచ్చి, ఓ భవనంలో పెట్టి తాళం వేసి, ఒక్కరు మిగిలేదాకా ఆడించే డెత్ గేమ్ యానిమే, అంటే జపాను తరహా బొమ్మల సీరియల్, అతనిది. వారానికో శవం. ఒకడికి కంటి మీద పట్టీ, ఒకడికి పెదవి మీద గాటు, ఒకతె నెత్తురు చూస్తే పకపకా నవ్వుతుంది. కథ రక్తి కట్టని చోటల్లా రక్తం కట్టలు తెంచుకునేది. పాత్రల గొంతు కోయడం మీదున్న శ్రద్ధలో పావు వంతైనా, ఆ పాత్రల గొంతు కోసం పెట్టినవాడు కాదు.

మనిషి మాత్రం వెన్న. ఆ మధ్య రక్తపరీక్షకి వేలు చాపి, సూది తగలకముందే కుర్చీలోంచి జారిపోయాడు. నర్సుగా పనిచేసే సొంత అక్కే మొహాన నీళ్లు కొట్టి లేపింది.

ఇక ఆ స్టూడియోలో ఓ పద్ధతి ఉంది. చావుకేకలన్నీ ఆఖరున. ముందే కేకేస్తే గొంతు బొంగురుపోయి ఆ పూటకి ఇంకెందుకూ పనికిరాదు. కాబట్టి ఏడో నంబరుకి గొంతిచ్చే ఈ అమ్మాయి మధ్యాహ్నమంతా మామూలు మాటలు చెప్పి, గోరువెచ్చని నీళ్లు తాగి, నాలుగింటికి చావాలి. అందాకా ఎదుటి పాత్రల మాటలు రచయితే చదివి వినిపించాలి.

"'నీ నెత్తురుతో ఈ గోడలకి రంగులేస్తా!'" అని చదివాడతను.

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి.

"ఏమైందండీ?"

"క్షమించండి. మీరు చదువుతుంటే, రంగులెయ్యడానికి ఏ రోజు రమ్మంటారు అని అడుగుతున్నట్టుంది."

ఇంజనీరు గారు ఈసారి దాచుకోలేదు.

"ఇంకో సందేహం రైటర్ గారూ. ఈ పన్నెండు మందిలో ఒక్కరికీ అమ్మ లేదేంటి?"

"అందరిదీ చీకటి గతం అండీ."

"పన్నెండిళ్లలోనూ ఒకేసారి కరెంటు పోయిందా?"

రచయిత గబగబా తర్వాతి పేజీ తిప్పాడు. అందులోనూ ఎవరికీ అమ్మ లేదు.

నాలుగింటికి ఆమె చావుకేక వేసింది. గాజు పలక వణికింది. దాని వెనక ఒక గుండె కూడా. అంతలో ఆమె మెడకి స్కార్ఫ్ చుట్టుకుని బయటికొచ్చి, "ఉంటానండీ. ఏడో నంబరు పోయింది కదా, ఇక నాకిక్కడ పని లేనట్టే" అని వెళ్లిపోయింది.

ఆ మాట వాన చినుకులా పడింది, వరదలా లోపలికొచ్చింది.

మర్నాడు పొద్దున్నే అతను స్క్రిప్టు మార్చాడు. విషం గడువు తీరిన సరుకు. ఏడో నంబరుకి కాస్త కడుపునొప్పి వచ్చి తగ్గిపోయింది.

కేక వృథా అయింది, మనిషి మళ్లీ వచ్చింది. నాలుగో ఎపిసోడ్‌లో తుపాకీ గుండు తగిలి చచ్చింది. ఆమె వెళ్లిపోగానే, గుండు జేబులోని ఇనప డబ్బాకి తగిలినట్టు తేలింది. అయిదో ఎపిసోడ్‌లో ఆరో అంతస్తు నుంచి పడింది. పడ్డది పరుపుల లారీ మీద.

ఈ మూడు చావుల మధ్య ఇద్దరూ కారిడార్‌లో టీ మెషిన్ దగ్గర కలిసేవాళ్లు. అది కాఫీ నొక్కితే టీ ఇచ్చేది, టీ నొక్కితే వేడినీళ్లు ఇచ్చేది.

"మీకు భయమెయ్యదా, ఇన్ని చావులు రాస్తూ?" అనేది ఆమె, వేడినీళ్లు ఊదుకుంటూ.

"భయపెట్టడానికే కదండీ రాసేది."

"భయమెక్కడుంది? నాలుగో నంబరు పోయినప్పుడు నాకు చీమ కుట్టినట్టు కూడా లేదు. అతను ఎవరో తెలిస్తే కదా ఏడవడానికి. వాన వస్తే గొడుగు వేసుకుంటాడా, తడుస్తాడా? అదైనా చెప్పండి."

"తడుస్తాడు," అన్నాడు రచయిత, కిటికీలోంచి వాన చూస్తూ. తన సంగతే చెప్పాడని ఆమెకి అర్థమైందేమో, ఓ చూపు చూసింది. ఆ చూపుతో అతనికి రెండ్రోజులు రాత పని జరగలేదు. రాత మారే పనేదో జరిగింది.

అయిదో ఎపిసోడ్ మార్పు పంపిన రోజున ఇంజనీరు గారు అతన్ని గదిలోకి పిలిచి తలుపేశారు.

"నాయనా కత్తీ, ఒక్క సంగతి చెప్పు. ఆ అమ్మాయి చావుకేక బాగోలేదా?"

"అయ్యో, అద్భుతం కదండీ!"

"మరి మూడుసార్లు ఎందుకు తీసేశావు? తన కేక పనికిరాకే, ఏం చేయాలో తోచక నువ్వు కథ మార్చుకుంటున్నావని అనుకుంటోంది. సరిగ్గా చావడం కూడా చేతకాని గొంతు నాకెందుకండీ అంది. వచ్చే గురువారం రికార్డింగు అవగానే ఈ పని మానేసి, వాళ్ల బాబాయి ఆఫీసులో టైపింగుకి వెళ్తుందట."

రచయితకి కాళ్ల కింద పరుపుల లారీ లేదు.

సాయంత్రం వంటింట్లో అక్క గిన్నెలు తోముతోంది. తమ్ముడు గుమ్మానికి ఆనుకుని సంగతంతా చెప్పాడు.

"ఆ అమ్మాయిని చూడ్డానికని కథలో పిల్లని చావనివ్వట్లేదా? మా వార్డులో నీలాంటి డాక్టరొకడు ఉండాల్సిందిరా."

"అక్కా, నవ్వకు. నువ్వయితే ఏం చేస్తావు?"

"ముందు నువ్విలా వచ్చి ఈ పాత్రలు తుడు. రాసే పాత్రల సంగతి తర్వాత." గుడ్డ అతని చేతికిచ్చింది. ఇంకో గిన్నె తోముతూ మామూలుగా అంది: "అయినా ఒరేయ్, పోయేముందు ఎవరూ నీ కథలో వాళ్లలా అరవరు. గేటు వేశారా అని అడుగుతారు. కుక్కకి అన్నం పెట్టారా అంటారు. మొన్న ఒకాయన, కళ్లజోడు రిపేరుకిచ్చాను, ఎవరైనా వెళ్లి తీసుకురండని ఒకటే గోల. ఆయన పోయాక మేమే వెళ్లి తెచ్చాం."

రచయిత తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం అక్క బట్టలిచ్చే టైలర్ షాపుకెళ్లి, మూడు గంటలు ఓ మూల కూర్చున్నాడు. మిషను మీద పనిచేసే అమ్మాయి దారం పళ్లతో కొరకడం, కుట్టు తప్పితే తనను తానే తిట్టుకోవడం, ఎవరి బట్టలు ఏ రోజుకివ్వాలో గోడ మీద సుద్దతో రాసుకోవడం చూశాడు. ఇంటికొచ్చి రాశాడు. ఈసారి కత్తి కనపడలేదు. ఏడో నంబరు చివరికి చచ్చిపోయింది. రాస్తుంటే అతనికి కళ్లు మసకబారాయి. గురువారం తర్వాత ఆ గాజు పలక అవతల ఎవరూ ఉండరని కూడా తెలుసు. అయినా కొట్టివేయలేదు.

గురువారం ఆమె కాగితాలు చూసి, మైకు దగ్గరికి రాకుండానే అడిగింది.

"కేక ఏదండీ? ఆఖరున ఉండాలి కదా."

"కేక లేదండీ. మాటలే."

ఆమె మొహం చిన్నబోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. కథలో ఏడో నంబరూ ఎనిమిదో నంబరూ చిక్కుకున్న గదిలో గాలి తగ్గిపోతోంది. తలుపు ఒక్కరి కోసమే తెరుచుకుంటుంది. ఎనిమిదో నంబరు మాటలు రచయిత చదివాడు.

"'నువ్వు వెళ్లు.'"

"'వద్దు. నువ్వే వెళ్లు. కానీ బయటికెళ్లాక ఒక పని చేసిపెట్టాలి,'" అంది ఆమె. "'మా షాపులో నీలం షర్టొకటి ఉంది. అన్నీ కుట్టేశాను, ఆఖరి గుండీ ఒక్కటే మిగిలింది. ఆయన శనివారం వస్తాడు. వాళ్లమ్మాయి పెళ్లి ఆదివారం.'"

"'గుండీ కుట్టడం నాకు రాదు.'"

"'వస్తుందిలే. సూది భయమా? నాకూ ఉండేది. గుండీ డ్రాయర్లో ఉంది, కుడివైపు. నాలుగు కన్నాలది. రెండు కన్నాలది కాదు.'"

ఆమె గొంతు ఆ చివరి మాట దగ్గర కొంచెం తడబడింది. అది స్క్రిప్టులో లేదు. ఆ తర్వాత ఊపిరి. ఆ తర్వాత అదీ లేదు.

ఇంజనీరు గారు రికార్డింగు ఆపలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటున్నారు. చాలాసేపటికి, "ఓకే" అన్నారు, ఎవరితోనో.

ఆమె స్కార్ఫ్ చుట్టుకోకుండానే బయటికొచ్చింది.

"వచ్చే వారం ఈ పిల్ల మళ్లీ బతుకుతుందా?"

"లేదండీ. నిజంగా పోయింది."

"అంటే ఈ చావు బాగుందన్నమాట."

"ముందటి మూడూ బాగున్నాయండీ. మొదటి కేక విని నాకు రెండు పూటలు ముద్ద దిగలేదు. తప్పు మీ గొంతుది కాదు, నాది. ఏడో నంబరు పోతే మీరు రారని... బతికించాను."

ఆమె ఒక అడుగు ముందుకేసింది.

"మూడు వారాలు మొహానికి దిండు అడ్డం పెట్టుకుని చావడం ప్రాక్టీసు చేశాను తెలుసా? పక్కింటివాళ్లు తలుపు బాదారు! మా అమ్మ డాక్టరు దగ్గరికి పద అంది!"

"తెలీదండీ."

"రమ్మని నోటితో ఒక్క మాట అంటే పోయేదిగా?"

"నాకు రాయడమే వచ్చండీ."

"అదీ ఈ వారమే వచ్చింది."

ఇంజనీరు గారికి ఉన్నట్టుండి వైర్లు సర్దే పని గుర్తొచ్చి, బల్ల కిందికి దూరారు.

రచయిత లేచి నిలబడ్డాడు. చేతిలో కాగితం లేదు. "వచ్చే గురువారం మీకిక్కడ పనేమీ లేదు."

"లేదు."

"టైపింగుకి వెళ్లకండి. ఈ గొంతు ఎక్కడున్నా వినేవాళ్లుంటారు. ఇక్కడ పని లేకపోయినా... గురువారం రండి. మీ కోసం కాదు. నా కోసం."

ఆమె స్కార్ఫ్ చేతిలోనే చుట్టచుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. బయట వాన నెమ్మదిగా పడుతోంది.

"టైపింగు నాకెలాగూ రాదు. రెండు వేళ్లతో కొడతాను," అంది చివరికి. "కానీ గురువారం దాకా ఎందుకండీ? ఇప్పుడే కదా పోయాను. చచ్చేంత ఆకలేస్తోంది."

తలుపు తెరుచుకుంది. ఈసారి ఇద్దరూ వెళ్లారు.

"ఒరేయ్ కత్తీ, నీ కాగితాలు!" అని బల్ల కిందనుంచి కేకేశారు ఇంజనీరు గారు.

"ఉండనివ్వండి!" అంది మెట్ల మీద నుంచి ఆమె గొంతు.