అసిరమ్మ ఇటు తిరిగింది

సంగ్రహాలయం గోడల మీద చనిపోయినవాళ్ళు ఆ ఉదయం కూడా వచ్చినవాళ్ళకేసి తిరిగి నవ్వుతున్నారు. అభిముఖి అనే యంత్రం వచ్చాక పాత ఛాయాచిత్రాల్లో వీపు చూపించేవాళ్ళే మిగల్లేదు. మెడ వంపు, భుజం వాలు, వారసుల పోలికలు లెక్కగట్టి, చిత్రంలో లేని ముఖాన్ని ఆ యంత్రం పుట్టిస్తుంది. ఇళ్ళలో, బడుల్లో, బస్టాండుల్లో అంతటా అదే. జనం దాన్ని తిప్పుడద్దం అంటారు.

చిలకమ్మ కర్ర టకటకలాడించుకుంటూ నలుపు తెలుపు చిత్రాల గదిలోకి వచ్చింది. ఎదురుగా ఆమె తల్లి అసిరమ్మ. తెల్లటి ఉప్పు కుప్పల మధ్య నల్లటి వీపు, భుజం మీద ఏటవాలుగా పార. మనుషుల్ని కూడా గీతలుగా చూసే ఒక ఛాయాగ్రాహకుడు అప్పట్లో తీసింది అంతే. ఇటు చూడమని అతను బతిమాలితే, "నా మొకం నీకెందుకు" అని ఆవిడ కావాలనే అటు తిరిగిపోయింది. బతికినంతకాలం మరెవరినీ ఫొటో తీయనివ్వలేదు.

ఇప్పుడు ఆవిడ పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది.

"మళ్ళీ వచ్చారా," అన్నాడు పర్యవేక్షకుడు శశిభూషణ్, విసుగు దాచుకోకుండా.

"నీ మొకం సూడ్డానికి రానేదులే. మాయమ్మని అటేపు తిప్పు."

"వీపు చూడ్డానికి ఎవరొస్తారండీ?"

"ఆ ఈపు కోసమే గదా మీ గోడకి మేకు కొట్టేరు."

పక్కనున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. అతని ముఖం కందిపోయింది. ప్రతి శుక్రవారం ఇదే తగువు. ఆ నవ్వు ఎదుట నిలబడి, దాన్ని కళ్ళార్పకుండా చూస్తూ, ఓపిక ఉన్నంతసేపూ తిట్టి గానీ చిలకమ్మ కదలదు.

"ఇవాళ తేల్చేద్దాం," అన్నాడతను. "ముఖం తప్పుగా ఉందని వారసులు రుజువు చేస్తే తీసేయాలని నిబంధన. ఎక్కడ తప్పు? ముక్కా, కళ్ళా? చెప్పండి, ఇప్పుడే అటు తిప్పేస్తాను."

"నాకు తెలీదనుకున్నావేటి? అన్నం పెట్టిన మొకం."

చిలకమ్మ కళ్ళు మూసుకుంది. గోడ మీది నవ్వే వచ్చింది. దాన్ని పక్కకు నెట్టి జ్ఞాపకాల్లో వెనక్కి వెళ్ళింది. పొయ్యి దగ్గర వెతికింది. ఉప్పుమళ్ళ గట్టున వెతికింది. జ్వరంలో నుదుటిమీద పెట్టిన చెయ్యి దొరికింది, ఉప్పుకి పగిలిన వేళ్ళతో సహా. ఆ చెయ్యి వెంబడే పైకి చూసింది. అక్కడా ఆ పళ్ళే.

"కళ్ళెలా ఉండేవండీ?" శశిభూషణ్ ఈసారి మెల్లగా అడిగాడు.

ఆవిడ కళ్ళు తెరవలేదు.

"నోర్ముయ్," అంది. "ఎతుకుతన్నాను."