కోతల వేళ నలభై రెండు వేల పోస్టులు

గరికపాడు చెక్‌పోస్టు పక్కనున్న ధాబా. లుంగీ కట్టిన లారీ డ్రైవర్ ఒకడు వచ్చి ఓ పెద్దాయన ఎదురుగా కూర్చున్నాడు.

“టీలో అల్లం వేశారా?”

“యాలకులే వేశారు,” అన్నాడు పెద్దాయన.

కోడ్ సరిపోయింది. డ్రైవర్ వేషంలో ఉన్నది ఏజెంట్ బెన్ని. పెద్దాయన అతని చీఫ్ వరప్రసాదరావు. సోషల్ మీడియాలో జనం ఏమంటున్నారో లెక్కగట్టి ప్రభుత్వానికి రిపోర్టులిచ్చే రహస్య విభాగం వాళ్లది.

“పన్నెండుకి నందిగామలో మీటింగ్. జెడ్-40 పురుగుమందు మీద నిషేధం ఎత్తేస్తూ కమిషనర్ సంతకం పెడతారు. ఆ మందు కావాలని మిరప కూలీలే నలభై రెండు వేల పోస్టులు పెట్టారని రిపోర్టు. రాసిందెవరు?”

“నేనేనండి.”

“అవి కూలీలవి కావు. మందు అమ్ముకోడానికి విదేశీ ముఠా ఆడిన నాటకం. రుజువు లేదు. టైమ్ రెండు గంటలు.”

బెన్ని టీ గ్లాసు పక్కన పెట్టేశాడు. ఆ రిపోర్టు నమ్మే పెనుగంచిప్రోలు చేలల్లో ట్రయల్‌కి అనుమతిచ్చారు. మందు కొట్టిన చేలో కాయ కోసిన బసవమ్మకి చూపు పోయింది. ఆమె బెన్ని తల్లి దేవమణికి కోతల్లో జోడీ. తప్పు తనదేనని బెన్నికి తెలుసు. అమ్మకి తెలీదు.

జగ్గయ్యపేట లాడ్జిలో గీతాంజలి సూట్‌కేసు సర్దుకుంటోంది. పోస్టులు లెక్కపెట్టే డ్యాష్‌బోర్డు తయారుచేసిన కన్సల్టెంట్. అందగత్తె. ఇటు ప్రభుత్వానికీ అటు ముఠాకీ పనిచేసింది. బెన్ని చేతిలో రివాల్వర్ చూసి నవ్వింది.

“ఎందుకండీ అంత శ్రమ?” మెళ్లో లాకెట్ తీసి విసిరింది. అది పెన్‌డ్రైవ్. “ఒరిజినల్ డేటా. పేర్లూ ఇక్కడివే, సిమ్‌లూ ఇక్కడివే. మీకేం దొరకదు.”

అతను లాప్‌టాప్‌లో అది తెరిచేలోగా ఆమె వెనక తలుపు గుండా మాయమైంది. నిజంగానే ఏమీ దొరకలేదు. పదకొండు దాటింది. దిక్కుతోచక అమ్మకి ఫోన్ చేశాడు. మూడుసార్లు చేసినా ఎత్తలేదు.

విసుక్కోబోయి ఆగిపోయాడు. కారం చేతులతో ఫోన్ ఎవరు ముట్టుకుంటారు? కోతల్లో ఫోన్లన్నీ కవర్లలో చుట్టి, గట్టు మీద అన్నం సంచుల్లో పెడతారు. మధ్యాహ్నం దాకా బయటికి తీయరు. గబగబా పోస్టుల టైమ్ చూశాడు. ముప్పై తొమ్మిది వేలు పొద్దున ఎనిమిదికీ పన్నెండుకీ మధ్య పెట్టినవే! మిరప చేల గట్ల మీద పెరిగినవాడికి ఈ సంగతి తట్టనందుకు సిగ్గేసింది.

నందిగామ మీటింగ్ హాలు. పన్నెండుకి ఒక్క నిమిషం. కమిషనర్ పెన్ను కాగితాన్ని తాకింది.

“ఆగండి సార్! ఆ రిపోర్టు తప్పు. రాసింది నేనే.”

పెన్ను ఆగింది. బెన్ని పోస్టుల టైములు ఆయన ముందు పెట్టాడు. సాయంత్రానికి ముఠా మనుషులు ఇద్దరు దొరికారు. గీతాంజలి దొరకలేదు.

“రికార్డులో నీ పేరు తీసేశా,” అన్నాడు చీఫ్. “మీటింగ్‌లో మాట బయటికి రాదు. ఎవరికీ తెలీదులే.”

బెన్ని తిన్నగా జగ్గయ్యపేట ఆస్పత్రికి వెళ్లాడు. అతను పలకరించగానే, కళ్లకి కట్లతో ఉన్న బసవమ్మ గొంతు గుర్తుపట్టింది.

“దేవమణి కొడుకువా? ఆ మందు మీ ఆఫీసోళ్లే ఆపించారంటగా, మీ అమ్మ చెప్పింది. చల్లగుండు నాయనా.”

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాడు. “అవునమ్మా,” అని మాత్రం అన్నాడు. ఆమె అతని చెయ్యి వెతికి పట్టుకుంది.

ఎన్నో మారువేషాలు వేసిన ఏజెంట్ బెన్నికి, చూపు లేని ఆమె ముందు మాత్రం ఏ వేషమూ అవసరం లేకపోయింది.