బయటి గడియ

భవానీపురంలోని ఆ ఇంటి ముందుగది సాయంత్రం ఆరింటికి పట్టుచీరలతో, కొనేవాళ్ళతో నిండిపోయి ఉంది. కాలేజీ ఆఫీసులో పని ముగించుకుని వచ్చిన నాగవేణి, చెప్పులు విడుస్తూనే ఆ ఆడవాళ్ళ మధ్య కూతురి కోసం వెతికింది. అయిదేళ్ళ శ్రీదుర్గ కనిపించలేదు. నాలుగింటికే రావలసిన థెరపీ అమ్మాయి సింధూరి చెప్పులు కూడా గుమ్మంలో లేవు.

గబగబా లోపలికి నడిచింది. వెనకగది తలుపుకి బయట గడియ వేసి ఉంది! తీసి చూసింది. ఇల్లు తుడిచే బకెట్ పక్కన కూర్చుని, గౌను అంచుని ఆ మురికినీళ్ళలో ముంచి చప్పరిస్తోంది దుర్గ. ఏడవడం లేదు... ఏడ్చి ఏడ్చి ఎప్పుడో ఊరుకుందని చెంపల మీద ఎండిన చారలే చెబుతున్నాయి. మాటలు రాని ఆ పిల్లకి, దాహమని చెప్పుకునే దారి ఈ ఇంట్లో ఎవరుంచారు కనక!

ఆటిజమని డాక్టరు చెప్పాక సింధూరి వారానికి నాలుగు రోజులు ఇంటికే వస్తోంది. ఇంట్లో దాహం వేస్తే ఇంట్లోవాళ్ళనే అడగడం నేర్వాలి కదా అంటుంది. గ్లాసు బొమ్మ కార్డు ఒకటి చేసింది. దుర్గ దాన్ని తీసి చేతికిస్తేనే నీళ్ళు. అందుకు పది క్షణాలు ఓపిక పడితే చాలు. ఆ పది క్షణాలే అత్తగారు చౌడేశ్వరమ్మ ఆగేది కాదు. నలభై ఏళ్ళుగా చీరలమ్మిన మనిషి. కొనేవాళ్ళు నోరు తెరవకముందే వాళ్ళ మనసులోని రంగు తీసి పరచడం ఆమె ఘనత. మనవరాలి చెయ్యి కార్డు దాకా వెళ్ళేలోపే గ్లాసు నోటికి అందించేసేది.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు కదండీ మామ్మగారూ" అని ఓసారి సింధూరి నవ్వితే, "ఆ అమ్మని నేను కాను. నా ఇంట్లో పసిదాన్ని దేబిరించనివ్వను" అని కసిరింది.

ఆ సాయంత్రం నాగవేణి ఫోన్ చేస్తే, మామ్మగారు గుమ్మంలోంచే పంపేశారంది సింధూరి. కొనేవాళ్ళు వెళ్ళేదాకా నాగవేణి పళ్ళ బిగువున ఆగింది.

"సింధూరిని ఎందుకు తిప్పి పంపారత్తయ్యా?"

"పెళ్ళివాళ్ళొచ్చారు. ఇదేమో ఒకటే అరుపు. కాసేపు లోపలుంచాను. బేరంలో పడి మర్చిపోయాను, ఏం చెయ్యమంటావు?"

"అమ్మ పెద్దది వేణీ, పోనీలే" అన్నాడు భర్త భానుచందర్, చీరలు మడతపెడుతూ.

పోనీలే... పెళ్ళయినప్పటి నుంచీ వింటున్న మాట. ఇక వినలేకపోయింది నాగవేణి.

"ఏం పోనివ్వమంటారండీ? రెండు గంటలు. వచ్చినవాళ్ళందరికీ గ్లాసుల్లో మజ్జిగ, నా కూతురికి బకెట్లో మురికినీళ్ళు! అడక్కుండానే పెడతానన్నారుగా అత్తయ్యా, ఒక్కపూట మర్చిపోయారు. ఒక్కటంటే ఒక్కపూట. రేపు మీరుండరు, ఎల్లుండి నేనుండను... అప్పుడిది ఎవర్ని అడగాలి, ఎలా అడగాలి? సింధూరి రేపొస్తుంది. ముందుగదిలోనే కూర్చుంటుంది. కుదరదంటే చెప్పండి, దీన్ని తీసుకుని నేనే బయటికి పోతాను."

చౌడేశ్వరమ్మ లేచి వెళ్ళి, ఆ బకెట్ నీళ్ళు పారబోసి వచ్చింది.

మర్నాడు సింధూరి, దుర్గ తల్లిని కాదు, నానమ్మనే పక్కన కూర్చోబెట్టుకుంది. "దీనికేం కావాలో మా అందరికన్నా ముందు మీకే తెలుస్తుంది మామ్మగారూ. తెలుసుకోండి. చెయ్యి మాత్రం ఆపండి." చౌడేశ్వరమ్మ రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. పిల్ల నీళ్ళకోసం గింజుకుంటుంటే మొహం తిప్పుకుని ఏడ్చింది కానీ చెయ్యి తియ్యలేదు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న నాగవేణి అదంతా చూసింది. అయినా కోపం తగ్గలేదు. ఎందుకు తగ్గాలి?

శ్రావణం రాగానే ముందుగది మళ్ళీ నిండింది. ఏటా వచ్చే మాణిక్యమ్మ చీరల మధ్య కూర్చుని మంచినీళ్ళు తాగబోతుంటే, దుర్గ వచ్చి నానమ్మ ముందు నిలబడింది.

"దాహమేమో పాపం" అంటూ మాణిక్యమ్మ తన గ్లాసు అందించబోయింది. చౌడేశ్వరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ఇవ్వకండి. అడగనివ్వండి."

బేరం ఆగిపోయింది. అందరూ చూస్తుండగా దుర్గ గోడ దగ్గరికి వెళ్ళి, అక్కడ సింధూరి అంటించిన కార్డుల్లోంచి గ్లాసు బొమ్మ పీకి తెచ్చి నానమ్మ చేతిలో పెట్టింది. అందించే తొందరలో నీళ్ళు పరిచిన పట్టుచీర మీద ఒలికాయి. ఆమె చీర వంక చూడనైనా లేదు.

"ఆ రోజు ఆ గదిలో ఎన్నిసార్లు అడుగుదామనుకుందో వేణీ..." అంది, పక్కనే ఉన్న కోడలితో. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "భానూ, వెనకగది గడియ ఊడదియ్యాలి. స్క్రూడ్రైవరు తీసుకురా."

"ఇప్పుడా? కొనేవాళ్ళు కూర్చున్నారమ్మా..."

"వాళ్ళు ఆగుతారు. ఇది ఆగింది చాలు."

భానుచందర్ లేచేలోపే, నాగవేణి స్క్రూడ్రైవరు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టింది.