స్క్రూడ్రైవరు అక్కర్లేని రిపేరు

"ఇది పాడైపోయింది," అంటూ లెక్కల టీచరు తన గిటార్ మోతని రకరకాలుగా మార్చే ప్రాసెసర్ పెట్టెని బల్ల మీద పెట్టింది. "రాక్ పాటల్లో వినిపించే బొంగురు మోత కోసం డిస్టార్షన్ పెడితే చాలు, రేకు డబ్బాలో కందిరీగలు దూరినట్టు మోగుతోంది. వారంటీ ఉంది. కొత్తది ఇవ్వండి."

బల్లకి అవతల కూర్చున్నవాడు ఆ వాయిద్యాల షాపులో రిపేర్లు చేస్తాడు. షాపు అతని బాబాయిది. చెడిపోయిన వస్తువుల్ని తప్ప మనుషుల్ని తలెత్తి చూసే అలవాటు అతనికి లేదు. ఆ రోజు చూశాడు. తంటా అక్కడే మొదలైంది.

"దేనికి కలిపారు?"

"ఇంట్లో ఆంప్లిఫయరుకి. రిహార్సల్ గదిలో అయితే పెద్ద స్పీకర్లకి."

"అదీ సంగతి. ఈ పెట్టెలోనే ఓ ఉత్తుత్తి ఆంప్లిఫయరు ఉంది. ఆంప్ సిమ్యులేషన్ అంటారు. డిస్టార్షన్‌ని చెవికి ఇంపుగా మార్చేది అదే. దాన్ని తీసుకెళ్ళి నిజం ఆంప్లిఫయరులో గుచ్చితే, వేయించినదాన్నే మళ్ళీ మూకుట్లో పడేసినట్టు. మాడుతుంది."

"అంటే తప్పు నాదంటారు."

"పెట్టెది మాత్రం కాదు."

ఆమె చూసిన చూపుకి ఎంత అల్లరి క్లాసైనా కిక్కురుమనకుండా కూర్చుంటుంది. అతనికి మాత్రం ఇంకాసేపు తిట్టించుకోవాలనిపించింది.

చేయాల్సిన పని చాలా చిన్నది. మెనూలో నాలుగో పేజీ, ఆఖరి లైను. ఇంట్లో ఆంప్లిఫయరుకి కలిపితే సిమ్యులేషన్ ఆఫ్. రిహార్సల్ గదిలో నేరుగా పెద్ద స్పీకర్లకి కలిపితే ఆన్. ఈ ముక్క చెప్పేస్తే ఆమె మళ్ళీ రాదు. అందుకని చెప్పలేదు. స్క్రూడ్రైవరు తీసి, పెట్టెని తన వైపు తిప్పుకుని, మొహం గంభీరంగా పెట్టి కాసేపు కుస్తీ పట్టాడు.

"సర్దాను," అన్నాడు.

అప్పటినుంచి రిహార్సల్‌కి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆమె షాపుకి రావడం, అతను స్క్రూడ్రైవరు తీయడం మామూలైపోయింది. ఒకరోజు పెద్ద వాన పట్టుకుంది. అది వెలిసేదాకా రిపేరు తెమల్లేదు.

"బటన్ నొక్కడానికి స్క్రూడ్రైవరు ఎందుకురా?" అన్నాడు బాబాయి, ఆమె వెళ్ళాక.

"చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా బాబాయ్."

బాబాయి నిట్టూర్చి, గిటార్ల మీద దుమ్ము దులుపుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఓ సాయంత్రం ఆమె పెట్టెతో పాటు గిటార్ కూడా తెచ్చింది.

"రెండూ అమ్మిపెట్టండి. ఆదివారం మా స్కూల్లో ప్రోగ్రాం. మీరు పక్కన లేకుండా స్టేజీ మీద ఇది మొరాయిస్తే పిల్లల ముందు తలెత్తుకోలేను. నాకు సంగీతం అచ్చిరాలేదు."

గిటార్ పట్టుకుంటే ఆ మొహంలో వచ్చే వెలుగు అతను ఎన్నోసార్లు చూశాడు. ఇప్పుడు దాన్ని ఆర్పుతున్నది తనే.

"అమ్మకండి. పెట్టె బాగానే ఉంది. నాలుగో పేజీ, ఆఖరి లైను. ఇంట్లో ఆఫ్, స్టేజీ మీద ఆన్. మీరే మార్చుకోవచ్చు."

"మరి స్క్రూడ్రైవరు?"

"అక్కర్లేదు."

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే మళ్ళీ రారని."

ఆమె గిటార్ భుజానికి తగిలించుకుని, పెట్టె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆదివారం అతను స్కూలు హాల్లో చివర, స్తంభం చాటున నిలబడ్డాడు. ఆమె వాయించింది. డిస్టార్షన్ ఎక్కడా గీరుకోకుండా, చిక్కగా, వెచ్చగా హాలంతా పరుచుకుంది. సిమ్యులేషన్ ఆన్‌లో ఉందన్నమాట. ఇక తనతో ఆమెకి పనిలేదు. అందరితో పాటు చప్పట్లు కొట్టి వచ్చేశాడు. మర్నాడు ఒకే గిటార్‌కి ఒకే తీగ మళ్ళీ మళ్ళీ మార్చాడు.

ఆ వారం చివర్లో బల్ల మీద పెట్టె వచ్చి పడింది.

"పాడైపోయింది," అంది లెక్కల టీచరు.

అతను అన్ని పేజీలూ తిరగేశాడు. "అంతా సరిగ్గానే ఉందండీ."

"తెలుసు. రెండోసారి వచ్చేనాటికే నాలుగో పేజీ సంగతి తెలుసు. లెక్కలు చెప్పేదాన్ని, ఆ మాత్రం మెనూ తిరగేయలేనా?"

"మరి అమ్ముతానన్నది?"

"మీ నోట నిజం వస్తుందో రాదో చూద్దామని. వచ్చింది. ఆ తర్వాత మీరే వస్తారని చూశాను. స్తంభం చాటుదాకా వచ్చినవాళ్ళు ఇంకో నాలుగడుగులు వేస్తే ఏం పోయింది?"

అతని చెవులు ఎర్రబడ్డాయి. "మీరంటే నాకు ఇష్టం," అన్నాడు, వారంటీ అయిపోయిందని చెప్పే గొంతుతో.

"నాకూ ఇష్టమే. ఇప్పుడు దీన్ని మళ్ళీ చూడండి. తీరిగ్గా, స్క్రూడ్రైవరుతో."

బాబాయి తన కుర్చీ తెచ్చి ఆమెకి వేశాడు.

"కూర్చోమ్మా. మావాడు చేసే ఈ రిపేరు ఇప్పట్లో తెమలదు."