తాడుకు కట్టిన మనిషి

"ఇంజనీర్ జాహిర్‌ను ఎత్తుకుపోయారు. అదీ నువ్వు కాపలా ఉండగా."

బ్రిగేడియర్ హిలాల్ అంతకంటే తిట్టలేదు. తిట్టినా బాగుండునని ఏజెంట్ ఘానింకు అనిపించింది. ఒమాన్ తీరం పొడవునా కాపలా కాసే రాడార్లను తయారుచేసింది జాహిరే. అతన్ని సరిహద్దు దాటిస్తే మళ్ళీ ఎవరూ చూడరు. అవతలి దేశం వాళ్ళ చేతుల్లో అతను ఎన్నాళ్ళు నోరు విప్పకుండా ఉండగలడో ఆలోచించడానికి కూడా ఘానింకు ధైర్యం చాలలేదు.

ఎత్తుకుపోయింది ఎవరో తెలుసు. నజ్లా. వాళ్ళ ఆఫీసులోనే అనువాదకురాలు. ఆమె కారిడార్‌లో నడిస్తే పెద్ద పెద్ద ఆఫీసర్లు పొట్టలు లోపలికి పీల్చుకుని నిలబడేవారు. నిన్న ఫ్లాస్కులో కహ్వా, అదే అరబ్బుల కాఫీ, తెచ్చి, యాలకుల వాసన ఎలా ఉందో చెప్పమని ఘానింకు ఒక గిన్నె పోసి ఇచ్చింది. బాగుందని చెప్పి అతను ఇంకో గిన్నె అడిగాడు కూడా. కళ్ళు తెరిచేసరికి జాహిర్ కుర్చీ ఖాళీ.

"పొద్దు వాలేలోపు రుబా అల్ ఖాలీ ఎడారి అంచున వాళ్ళ కోసం చిన్న విమానం దిగుతుందని కబురొచ్చింది," అన్నాడు బ్రిగేడియర్. "అక్కడికి బళ్ళు పోగలిగే దారి ఒక్కటే, తిన్నెల మధ్య ఇరుకు లోయ. వాళ్ళకంటే ముందు అక్కడ ఉండు. ఈ పనికి పేరు ఆపరేషన్ లుబాన్. టెక్నికల్ సెక్షన్ వాళ్ళు నీ కోసం ఒక బండి సిద్ధం చేశారు."

ఆ బండిని చూస్తే ఎవరికైనా నోరూరుతుంది. నిండైన పెద్ద ఫోర్ వీల్ డ్రైవ్, ఎనిమిది సిలిండర్ల ఇంజను, లో గేరు, నాలుగు చక్రాలనూ ఒక్కటిగా బిగించే లాకు. దాన్ని అలాగే వదిలేసి ఉంటే గోడ కూడా ఎక్కేది. కానీ ఆఫీసు వాళ్ళ చేయి పడ్డాక ఏదైనా అలాగే ఉంటుందా? తలుపుల్లో ఉక్కు పలకలు, బుల్లెట్ దిగని అద్దాలు, హెడ్‌లైట్ల వెనక మెషిన్‌గన్లు, వెనక పొగ చిమ్మే ట్యాంకు, తూటా తగిలినా కూలబడని గట్టి టైర్లు. మారువేషం ఒంటెల మేత వ్యాపారిది కాబట్టి పైకప్పు మీద ఎండుగడ్డి మోపులు. పిస్టల్ అడిగితే, బండికే తుపాకులు ఉండగా విడిగా ఇంకోటి ఎందుకని స్టోర్స్ గుమాస్తా మొహం చిట్లించాడు.

తారు రోడ్డు ఉన్నంతసేపూ బండి రాజహంసే. ఇసుక మొదలయ్యాక ఎడారిలో పుట్టిన ప్రతివాడూ చేసే పనే ఘానిం చేశాడు. దిగి టైర్లలో గాలి తీశాడు. గాలి పోయింది గానీ టైరు అణగలేదు. లోపల ఆ గట్టి రబ్బరు కట్టు ఉందిగా. అణిగి వెడల్పైతేనే టైరు ఇసుక మీద తేలుతుంది, లేకపోతే కత్తిలా కోసుకుంటూ దిగిపోతుంది. ఇంత చదువుకున్న ఇంజనీర్లకు ఈ ముక్క తట్టలేదా అని ఘానిం పళ్ళు నూరాడు.

లోయ మధ్యకు వచ్చేసరికి బండి ఒకసారి మూలిగి కూర్చుండిపోయింది. లో గేరు వేస్తే ఇంకాస్త, వెనక్కి లాగితే మరికాస్త దిగింది. లాకు బిగిస్తే నాలుగు చక్రాలూ కలిసికట్టుగా గొయ్యి తవ్వాయి. మోపులు కింద పడేసి, పార పట్టుకుని, ఉక్కు పలకలు పెట్టించిన వాళ్ళను పేరుపేరునా తిడుతూ తవ్వాడు. తవ్విన చోట ఇసుక మళ్ళీ జారి నిండుతోంది. కోపంతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జాహిర్ వెళ్ళిపోతాడు. వెళ్ళిపోతుంటే తను పార పట్టుకుని చూస్తూ నిలబడతాడు.

అప్పుడే తిన్నె మీద నుంచి ఒక పాత తెల్ల జీపు వయ్యారంగా దిగుతూ కనిపించింది. మెత్తబడ్డ టైర్ల మీద అది ఇసుకలో ఈదుతోంది. నడిపేది మత్తర్. ఈ సరిహద్దులో దొంగసరుకు దాటించే ఎడారి బెదూయిన్లలో అతన్ని మించినవాడు లేడు. పక్కన నల్ల కళ్ళద్దాల్లో నజ్లా. వెనక సీటులో గొంగళి కింద కదలని ఒక ఆకారం.

ఘానిం తలపాగా గుడ్డ ముక్కు మీదికి లాక్కున్నాడు. డాష్‌బోర్డు బటన్ నొక్కితే మెషిన్‌గన్లు పేలతాయి, కానీ వెనక సీటులో జాహిర్ ఉన్నాడు. పైగా హెడ్‌లైట్లు ఇసుకలో పూడిపోయి ఉన్నాయి. జీపు పక్కనుంచి దూసుకుపోతుందని, తన ఉద్యోగం, జాహిర్ బతుకు రెండూ దానితోనే పోతాయని అనుకున్నాడు.

జీపు ఆగింది.

నజ్లా లోపల్నుంచి కేకలు వేస్తోంది. విమానం వచ్చేస్తోందట, ఎవడో గడ్డివాడి కోసం ఆగుతావా అంటోంది. మత్తర్ ఇంజను ఆపి తీరిగ్గా దిగాడు.

"ఇసుకలో కూరుకుపోయిన మనిషిని దాటిపోతే రేపు మజ్లిస్‌లో నలుగురి మధ్య ఏ మొహంతో కూర్చోను? నువ్వూరుకో," అని ఆమెకు చెప్పి, ఘానిం వైపు తిరిగాడు. "తమ్ముడూ, గాలి తీయలేదా?"

"తీశానన్నా. టైరే అణగట్లేదు."

మత్తర్ వంగి టైరును పిడికిలితో పొడిచి చూశాడు. బండి అమ్మినవాడు నిన్ను నిలువునా ముంచాడని జాలిపడ్డాడు. తాగడానికి తోలుసంచిలో నీళ్ళిచ్చాడు. తనే పార తీసుకుని ముందు చక్రాల దగ్గర వాలుగా తవ్వి, తన జీపు వెనక కొక్కేనికీ ఈ బండి ముందు కొక్కేనికీ లావు తాడు బిగించాడు. నేను లాగినప్పుడు నువ్వు నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇవ్వు, తొందరపడకు అని చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పి వెళ్ళాడు.  ఇంతకంటే తిడితేనే నయం అనిపించింది ఘానింకు.

తాడు బిగుసుకుంది. ఉక్కు బండి గొయ్యిలోంచి కాస్త పైకి లేచింది. మరొక్క లాగు లాగితే బయటపడుతుంది.

ఘానిం వెనక గేరు వేసి, లాకు బిగించి, యాక్సిలరేటర్ అదిమిపట్టాడు.

బండి తన బరువంతా వేసుకుని వెనక్కి గొయ్యిలోకి దిగింది. దిగుతూ దిగుతూ జీపునూ లాక్కుంది. ఏం జరిగిందో అర్థం కాక మత్తర్ ఇంకా ముందుకు లాగాడు. తేలికైన జీపు చక్రాలు గిర్రున తిరిగి ఇరుసు దాకా కూరుకుపోయాయి. తిన్నెకు అవతల విమానం దిగిన చప్పుడు వినిపించింది.

ఘానిం తలుపు తోసుకుని జీపు వైపు పరుగెత్తాడు. పరుగులో గుడ్డ జారి మొహం బయటపడింది. నజ్లా కళ్ళద్దాలు తీసి, పిస్టల్ ఎత్తింది.

"ఘానిం. కహ్వా ఇంకో గిన్నె కావాలా?"

దూరం చాలా తక్కువ. గురి తప్పే మనిషి కాదు. ఘానిం కళ్ళు మూసుకున్నాడు. పేలింది, కానీ తూటా ఇసుకలో దిగింది. మత్తర్ ఆమె మణికట్టు పట్టుకుని ఉన్నాడు.

"నా తాడుకు కట్టిన మనిషిని నా కళ్ళముందే కాలుస్తావా?"

"వాడు సర్కారు మనిషి, బుద్ధిలేనివాడా!"

"ఎవడైతే ఏంటి? ముందు తాడు విప్పనీ."

ఆ పెనుగులాటలో పిస్టల్ జారి పడింది. మత్తర్ వంగే లోపే ఘానిం అందుకున్నాడు. ఎదురుచూసి విసిగిన విమానం తిన్నె మీద నుంచి గాల్లోకి లేచి, రెక్క వంచి, ఒట్టి చేతులతో సరిహద్దు దాటిపోయింది. గొంగళి కింద జాహిర్ మత్తులో గురక పెడుతున్నాడు. ఘానిం పిస్టల్ దించకుండానే, ఆ గురక వింటూ జీపుకు ఆనుకున్నాడు.

తర్వాత ఇద్దరికీ బేడీలు వేసి రేడియో అందుకున్నాడు. బ్రిగేడియర్ ముందు జాహిర్ క్షేమమేనా అని అడిగాడు, వెంటనే బండి ఇసుకలో ఎలా నడిచిందో చెప్పమన్నాడు.

"ఒక్క అంగుళం కూడా నడవలేదు సార్. అందువల్లే జాహిర్ దక్కాడు."

 అలాంటివి ఇంకో పది చేయిద్దామని, ఈలోగా అంత ఖరీదైన బండిని అక్కడ వదిలి రావద్దని బ్రిగేడియర్ ఆజ్ఞాపించాడు. హెలికాప్టర్ పంపమంటే, ఇసుక గాలి లేస్తోంది, రేపే కుదురుతుందన్నాడు. ఘానిం రేడియోను సీటు మీదికి విసిరేశాడు.

రెండు బళ్ళనూ ఆ గొయ్యిలోంచి తీయగలిగినవాడు చుట్టుపక్కల ఒక్కడే. ఘానిం వెళ్ళి మత్తర్ బేడీలు విప్పాడు. క్షమించమని అడగబోయి, పార అతని ముందుకు చాపాడు. మత్తర్ మణికట్లు రుద్దుకుని, పార అందుకుని, గొయ్యి చుట్టూ ఒకసారి తిరిగి చూసి నిట్టూర్చాడు.

"తీస్తాను. జైలుకు కూడా నేనే నడుపుకుంటూ వస్తాను, నీకు చేతకాదు. కానీ తమ్ముడూ, నాకు ఒక్క సాయం చెయ్యి. ఇలాంటి టైర్లేసుకుని ఇసుకలోకి వచ్చినవాడి చేతికి చిక్కానని జైల్లో ఎవరికీ చెప్పకు."